పోర్టికో రేకులు: వానలకి ముందు ఎక్కి చూసుకుందాం, పడకుండా

నమస్తే అండీ. ఇవాళ రేకుల పని. ఇదిగో, ఇది మా ఇంటి పోర్టికో, కారు ఇక్కడ పెడతాం, ఈ పక్కన రెండు కుర్చీలు వేసుకుని సాయంత్రం కూర్చుంటాం. పైన జింకు రేకులు, మధ్యలో వెలుతురు కోసమని రెండు ఫైబర్ రేకులు వేయించాం. ఆ రెండింటి గురించే అసలు కథ, తర్వాత చెప్తాను.

ఇప్పుడు రోహిణి కార్తె నడుస్తోంది, మృగశిర వచ్చేలోపు ఈ పని అయిపోవాలి. హైదరాబాద్ వానల సంగతి మీకు కొత్తగా చెప్పాలా, 2020 అక్టోబరులో కురిసిన ఆ రాత్రి మా గట్టర్ నిండా, అదే రేకుల అంచున వాన నీళ్ళు పోయే తొట్టి నిండా, వేపాకులు, నీళ్ళు పైపులోకి పోకుండా పొర్లి నేరుగా హాల్లోకి. అప్పటి నుంచి ఏటా ఎక్కుతున్నాను. పొద్దున ఆరున్నరకే ఎక్కేస్తాను, తొమ్మిది దాటితే రేకు మీద చెయ్యి పెట్టలేం. అలాగని రేకులు తడిగా ఉన్నప్పుడు, గాలి వీస్తున్నప్పుడు మాత్రం వద్దు.

నిచ్చెన. ఇది త్వరగా చెప్పేస్తా. ఎత్తులో నాలుగో వంతు దూరం కింద బయటికి లాగాలి, అంటే నిచ్చెన ఆనే చోటు పదడుగుల ఎత్తులో ఉంటే కాళ్ళు రెండున్నర అడుగులు ఇవతలికి. పై కొస అంచు దాటి మూడడుగులు పైకి ఉండాలి, దిగేటప్పుడు పట్టుకోవడానికి అదే ఆధారం. గట్టర్‌కి ఆనించకండి, వంగిపోతుంది, ఇదిగో ఈ ఇనుప పైపుకి ఆనించి తాడుతో కట్టేయండి. కింద పార్కింగ్ టైల్స్ కదా, జారతాయి, నిచ్చెన కాళ్ళ రబ్బరు అరిగిపోయి ఉంటే ముందు అది మార్చండి. మనిషి ఒకరు కింద పట్టుకుని ఉండాల్సిందే. ఎక్కేటప్పుడు చేతిలో సామాను వద్దు, బకెట్‌లో వేసి తాడుతో లాక్కుందాం.

ఒక్క నిమిషం, అటు చూడండి, ఆ వైరు. స్తంభం నుంచి మీటర్‌కి వచ్చే సర్వీస్ వైరు, మన సందుల్లో సగం ఇళ్ళకి సరిగ్గా పోర్టికో మీంచే వెళ్తుంది. మెయిన్ ఆఫ్ చేశాను కదా అనుకుంటారు, కానీ మీటర్ దాకా వచ్చే ఆ వైరులో కరెంటు అలాగే ఉంటుంది. అల్యూమినియం నిచ్చెన దాని దరిదాపుల్లోకి వద్దు. వైరు మరీ కిందికి వేలాడుతుంటే లైన్‌మన్‌కి చెప్పి సరిచేయించుకున్నాకే ఎక్కండి.

ఇప్పుడు అసలు కథ. మూడేళ్ళ క్రితం ఇదే నెలలో, ఇలాగే హుషారుగా ఎక్కాను. దుమ్ము పట్టి అన్ని రేకులూ ఒకే రంగులో ఉన్నాయి, బూడిద రంగు. మూడో అడుగు వేశానో లేదో ఫట్ మని కాలు మోకాలి దాకా లోపలికి. ఫైబర్ రేకు. ఏళ్ళ తరబడి ఎండకి మాగి అప్పడంలా అయిపోయింది, పైకి మాత్రం జింకు రేకులాగే కనిపించింది. చెప్పు జారి కింద మా అమ్మ ఆరబెట్టిన వడియాల మీద పడింది. రెండో కాలు అదృష్టవశాత్తూ రేకుల్ని మోసే ఇనుప పైపు మీద ఉంది కాబట్టి నేను పడలేదు, తొడ మీద గీరుకుపోయిన మచ్చ మాత్రం ఇప్పటికీ ఉంది. వడియాల గురించి అమ్మ ఇప్పటికీ అంటుంది.

అందుకే ఎక్కే ముందు కింద నిలబడి పైకి చూడండి. కింది నుంచి ఏదీ దాగదు, ఫైబర్ రేకులోంచి వెలుగు వస్తుంది, పైపులు ఎక్కడెక్కడ ఉన్నాయో వరసగా కనిపిస్తాయి. ఎడమ నుంచి లెక్కపెట్టండి, మా దాంట్లో మూడోది, ఆరోది ఫైబర్. నిచ్చెన మీదే నిలబడి ఆ రెండింటి అంచుకి ఎర్ర టేపు వేశాను, కనిపిస్తోందా? ఇక ఆ రెండూ మనకి లేనట్టే, వాటి మీద కాలు పెట్టేది లేదు, ఎంత గట్టిగా అనిపించినా సరే. మిగతా రేకుల మీద కూడా స్క్రూల వరస ఎక్కడుందో అక్కడే అడుగు వేయాలి, దాని కింద పైపు ఉంటుంది. రెండు పైపుల మీద ఆనేలా ఒక పొడవాటి చెక్క పలక వేసుకుంటే ఇంకా మంచిది, బరువు పంచుకుంటుంది. మీవి పాత సిమెంటు రేకులైతే అసలు ఎక్కకండి, పొడిగా రుద్దకండి, డ్రిల్ చేయకండి, వాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు. తెలిసిన మనిషిని పిలవండి.

నిజానికి సగం పని ఎక్కకుండానే అయిపోతుంది. నాది ఇదిగో, పెయింటర్లు వాడే పొడుగు కర్రకి మెత్తటి బ్రష్ కట్టాను. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో హార్డ్‌వేర్ షాపులకి వెళ్ళినప్పుడు ఇలాంటివన్నీ ఏరుకుంటాను, వెళ్ళింది ఒక స్క్రూ ప్యాకెట్ కోసం, వచ్చేది సంచి నిండా, అది వేరే సంగతి. గట్టర్‌లో ఆకులు చేత్తో తీసేయడం, పైపులోకి నీళ్ళు కొట్టి చూడటం, అంతే. ఫైబర్ రేకులకి సబ్బు నీళ్ళు చాలు, థిన్నర్ వద్దు.

స్క్రూలు. వదులైనవి 8 ఎంఎం సాకెట్‌తో బిగించండి, మెల్లగా. రబ్బరు వాషర్ అంచు కొద్దిగా బయటికి కనిపిస్తే చాలు, ఉబ్బి చిట్లేదాకా తిప్పితే అక్కడే కారుతుంది. నేను మొదటిసారి డ్రిల్ మెషీన్‌తో బర్రుమని అన్నీ బిగించేశాను, మొదటి వానకే తొమ్మిది చోట్ల చుక్కలు. రబ్బరు ఎండి పగిలిపోతే వాషర్ మార్చేయండి, పది రూపాయలకి పేచీ వద్దు. రంధ్రం పెద్దదైపోతే కాస్త లావు స్క్రూ.

రేకుల అతుకుల దగ్గర సందులు మూయడానికి సిలికాన్ పేస్టు. డబ్బా మీద న్యూట్రల్ అని ఉందో లేదో చూసుకోండి. వెనిగర్ వాసన కొట్టేది జింకు మీద వాడితే తుప్పుకి దారి. దుమ్ము తుడిచి, పూర్తిగా ఆరాకే పూయండి, తడి మీద పూస్తే ఊడివస్తుంది.

సరే, రాత్రంతా ఆరనిచ్చి ఇప్పుడు పైపుతో నీళ్ళు కొడుతున్నాను, నిచ్చెన మీంచే. కింద మా ఆవిడ చూస్తోంది. ఏమైనా కారుతోందా? ... ఎక్కడా? నాలుగో రేకు, రెండో స్క్రూనా? సరే సరే, ఆ వాషర్ నేనే మార్చకుండా వదిలేశాను. ఆరాక మళ్ళీ ఎక్కుతాను, నువ్వు నిచ్చెన పట్టుకో.