సునామీ ఎంత లోపలికి వస్తుంది? గూగుల్ ఎర్త్‌లో మనమే చూద్దాం

నమస్తే అండి. "మా ఇల్లు సముద్రానికి మూడు కిలోమీటర్లు. సునామీ వస్తే మాదాకా వస్తుందా?" తీరంలో ఉన్నవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. దీనికి ఠక్కున కిలోమీటర్లలో జవాబు చెప్పేవాళ్లని నమ్మకండి. ఎందుకో ఇవాళ మ్యాప్ మీదే చూపిస్తాను.

కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ ప్రో తెరవండి, ఫ్రీయే. సెర్చ్‌లో సెండాయ్ అని కొట్టండి. జపాన్ ఈశాన్య తీరం ఇది. 2011 మార్చి 11 మధ్యాహ్నం 2:46కి సముద్రంలో 9.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. సుమారు గంటకి ఈ ఒడ్డుకి నీళ్లొచ్చాయి.

ఇప్పుడు పైన టూల్‌బార్‌లో యాడ్ పాత్ నొక్కండి. ఒడ్డు మీద ఒక క్లిక్. నేరుగా పడమరకి వెళ్లి, ఐదు కిలోమీటర్ల దగ్గర ఇంకో క్లిక్. పొడవు మెజర్‌మెంట్స్ ట్యాబ్‌లో కనిపిస్తూనే ఉంటుంది. ఓకే కొట్టి, ఎడమ పక్కన ఆ గీత పేరు మీద రైట్ క్లిక్ చేసి, షో ఎలివేషన్ ప్రొఫైల్ నొక్కండి.

చూశారా, కింద వచ్చిన గ్రాఫ్? ఎత్తుపల్లాలు దాదాపు లేవు. అంతా వరి పొలాలు, మన డెల్టాలాగే. ఈ చదునులో నీళ్లు దాదాపు 5 కి.మీ. లోపలికి వచ్చాయి.

అల అనగానే బీచ్‌లో మన కాళ్లు తడిపి వెళ్లేదే గుర్తొస్తుంది. అది పది పదిహేను సెకన్లలో వచ్చి పోతుంది. సునామీలో ఒక అలకీ ఇంకో అలకీ మధ్య పది నిమిషాల నుంచి గంట దాకా ఉంటుంది. అంటే నిమిషాల తరబడి నీళ్లు తోసుకొస్తూనే ఉంటాయి. బకెట్‌తో గుమ్మరించినట్టు కాదు, కాలువకి గండి పడ్డట్టు.

కొంచెం జూమ్ చేస్తాను. పొలాల మధ్య తీరానికి సమాంతరంగా పోతున్న ఈ రోడ్డు చూడండి. సెండాయ్ తోబు హైవే. మట్టికట్ట మీద వేశారు. ఆ రోజు చాలాచోట్ల నీళ్లు ఈ కట్ట దగ్గరే ఆగిపోయాయి. దాదాపు 230 మంది దీని మీదకెక్కి బతికారు. తర్వాత ఎక్కడానికి మెట్లు కూడా కట్టారు. వాళ్లని కాపాడింది దూరం కాదు, ఆ కొద్ది మీటర్ల ఎత్తు.

ఇదే చోట 869లో కూడా పెద్ద సునామీ వచ్చింది. అది తెచ్చిన ఇసుక పొర ఈ పొలాల కింద ఇంకా ఉంది. ఇసుక ఎక్కడిదాకా ఉందో నీళ్లూ అక్కడిదాకే వచ్చాయనుకునేవారు. 2011లో చూస్తే ఇసుక సుమారు 3 కి.మీ. దగ్గర ఆగింది, నీళ్లు ఇంకా ముందుకు పోయాయి.

ఇప్పుడు ఉత్తరానికి వెళ్దాం, మియాకో పక్కన అనెయోషి. కొండల మధ్య ఇరుకు లోయ. ఇక్కడ నీళ్లు కిలోమీటరు కూడా లోపలికి పోలేదు, కానీ దాదాపు 40 మీటర్ల ఎత్తుకి ఎక్కాయి. 1933 సునామీ తర్వాత ఊరివాళ్లు ఒక రాయి పాతారు, దీనికి దిగువన ఇళ్లు కట్టొద్దని. 2011లో నీళ్లు ఆ రాయిని చేరకముందే ఆగిపోయాయి.

మళ్లీ కొంచెం కిందికి రండి, కితకామి నది. నాకు అన్నిటికంటే భయం వేసేది ఇదే. నదిలో అడ్డం ఏముంటుంది? 17 కి.మీ. దగ్గరున్న బ్యారేజీని కూడా దాటి, 49 కి.మీ. ఎగువ దాకా సునామీ జాడ కనిపించింది. సముద్రమే కనిపించని ఊళ్లవి.

సరే, మన దగ్గరికి వద్దాం. మచిలీపట్నం ఒడ్డు నుంచి ఇలాగే గీత గీయండి. గ్రాఫ్ చదునుగానే వస్తుంది. చూసి టెన్షన్ పడకండి: చదును ఒక్కటే చాలదు, వచ్చే అల ఎత్తు కూడా ఉండాలి. అది భూకంపం ఎక్కడ, ఎంత పెద్దది అన్నదాన్ని బట్టి ఉంటుంది. 2004 డిసెంబర్ 26న మన కోస్తాలో వందమందికి పైగా చనిపోయారు, కానీ సెండాయ్‌లాంటి ముంపు రాలేదు. 1977 దివిసీమ ఉప్పెనని దీనితో కలపకండి, అది తుఫాను గాలి తోసిన నీరు. ఇప్పుడైతే హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార కేంద్రం) 2007 నుంచి సునామీ హెచ్చరికలు ఇస్తోంది.

ఒక జాగ్రత్త. ఈ గ్రాఫ్‌లో ఎత్తు కొన్ని మీటర్లు అటూ ఇటూ తప్పుతుంది. కొండ దగ్గర అది లెక్కలోకి రాదు. డెల్టాలో మొత్తం లెక్కే మారిపోతుంది. అందుకే దీన్ని చూసి ఇల్లు ఎక్కడ కట్టాలో తేల్చుకోవద్దు.

మీ ఊరికి గీయాలనుకుంటే రెండు గీతలు గీయండి. ఒకటి ఒడ్డు నుంచి నేరుగా ఇంటికి. రెండోది ఉప్పుటేరు మొగ నుంచి మొదలుపెట్టి, ఏరు ఎలా వంకర్లు తిరిగితే అలా, మీ ఊరి వంతెన దాకా.