రెండు రైల్వేలు ఒకటైతే రెండో గుమాస్తా గతేంటి?

శ్రోతలందరికీ నమస్కారం.

ఒక ఊళ్లో రెండు రైల్వే స్టేషన్లు ఉన్నాయనుకోండి. రెండూ వేర్వేరు కంపెనీలవి. ఈ వీధి చివర ఒకటి, ఆ వీధి చివర ఇంకొకటి. ఇక్కడో బుకింగ్ క్లర్కు, అక్కడో బుకింగ్ క్లర్కు. ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఇక్కడా ఉంది, అక్కడా ఉంది. ఒకరోజు ఆ రెండు కంపెనీలూ కలిసిపోయాయి. ఇక రెండు షెడ్లెందుకు, ఇద్దరు క్లర్కులెందుకు? కంపెనీ పద్దులో దాని పేరు పొదుపు. రెండో క్లర్కు ఇంట్లో మాత్రం పై నెల నుంచి జీతం రాదు.

అమెరికాలో ఈ రెండో క్లర్కు గురించి దాదాపు తొంభై ఏళ్లుగా పోట్లాట నడుస్తోంది. ఈ పూట ఆ సంగతే.

మనకిది కాస్త వింతగానే ఉంటుంది. మన దగ్గరా రైల్వేలు కలిశాయి, విడిపోయాయి. నిజాం స్టేట్ రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే వచ్చింది. కానీ ఎన్ని జోన్లు మారినా యజమాని ప్రభుత్వమే. అమెరికాలో అలా కాదు. అక్కడ పట్టాలూ కంపెనీవే, ఇంజన్లూ కంపెనీవే. ఒకే రెండు నగరాల మధ్య పోటీపడి లైన్లు వేసుకున్న కంపెనీలు ఎన్నో. ఇన్ని ఎందుకు, కొన్ని పెద్ద రైల్వేలుగా కలిపేద్దాం అని అక్కడి ప్రభుత్వమే 1920లో చట్టం చేసింది. ఉద్యోగుల సంగతి అప్పటికి ఎవరికీ తట్టలేదు.

ఆ తర్వాత మహా మాంద్యం వచ్చింది. 1929లో అక్కడి రైల్వేల్లో 16 లక్షలకు పైగా ఉద్యోగులుంటే, 1933 నాటికి పది లక్షల లోపుకి పడిపోయారు. నాలుగేళ్లలో అంతమంది రోడ్డున పడ్డారు. అలాంటి సమయంలో విలీనాలతో ఇంకొందరిని తీసేస్తామంటే ఎవరూరుకుంటారు? 1933లో వచ్చిన అత్యవసర చట్టంలో కార్మిక సంఘాలు పట్టుబట్టి ఒక షరతు పెట్టించాయి. ఆ చట్టం కింద చేసే మార్పుల వల్ల ఉద్యోగుల సంఖ్య 1933 మే నెల నాటి లెక్క కంటే తగ్గకూడదు. చనిపోయినవారు, రిటైరైనవారు, మానేసినవారి ఖాళీలను తగ్గించుకోవచ్చు గానీ, అదీ ఏడాదికి నూటికి ఐదుగురిని మించి కాదు. ఈ చట్టాన్ని నడిపించడానికి జోసెఫ్ ఈస్ట్‌మన్ అనే అధికారిని నియమించారు. పాపం ఆయన కలిపే పథకాలు చాలానే తయారుచేశాడు. మనిషిని తీయకపోతే పొదుపెక్కడిదని కంపెనీలు, పొదుపంటేనే మనిషిని తీయడమని సంఘాలు, రెండు వైపులా ముఖం తిప్పేసుకున్నాయి. ఆయన పథకాలు కాగితాల మీదే ఉండిపోయాయి.

ఆ చట్టం గడువు 1936 జూన్‌తో తీరిపోతుంది. ఈలోగా ఇంకా గట్టి బిల్లు తేవాలని సంఘాలు పార్లమెంటులో ఒత్తిడి పెట్టాయి. ఆ బిల్లు వస్తే కొంప మునుగుతుందని కంపెనీల భయం. రాకపోతే తమ చేతిలో ఏమీ మిగలదని సంఘాల భయం. ఇద్దరికీ టెన్షనే. ఆ రెండు భయాల మధ్య, 1936 మే 21న, వాషింగ్టన్‌లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. దేశంలోని పెద్ద రైల్వేల్లో ఎక్కువ భాగం ఒకవైపు, ఇరవై ఒక్క సంఘాల్లో ఇరవై మరోవైపు. దాన్ని వాషింగ్టన్ ఉద్యోగ రక్షణ ఒప్పందం అంటారు. కంపెనీల ధర్మబుద్ధి వల్ల వచ్చిందని కొందరు రాస్తుంటారు గానీ, నాకలా అనిపించదు. అది బేరం. బేరం కాబట్టే అన్నేళ్లు నిలబడిందేమో.

అందులో ఏముందో కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ తర్వాత వచ్చినవన్నీ దాని పిల్లలే. కలపాలనుకుంటే 90 రోజుల ముందు నోటీసివ్వాలి. కలపడం వల్ల ఉద్యోగం పోయినవాడికి అంతకుముందు ఏడాది సగటు జీతంలో నూటికి అరవై వంతులు నెలనెలా చెల్లించాలి. నెలకు 200 డాలర్లు తెచ్చుకునే క్లర్కనుకోండి, 120 డాలర్లు వస్తాయి. ఎంతకాలమన్నది సర్వీసును బట్టి. ఏడాది సర్వీసుంటే ఆరు నెలలు, పదిహేనేళ్లు దాటితే ఐదేళ్లు.

ఉద్యోగం పోకుండా కిందికి దిగినవాడి సంగతో? అమెరికా రైల్వేల్లో సీనియారిటీయే సర్వస్వం. పై పోస్టు పోయినవాడు తనకంటే జూనియర్ పోస్టులోకి వెళ్లి కూర్చుంటాడు. ఆ జూనియర్ ఇంకొకడిని నెడతాడు. దాన్ని వాళ్లు ‘బంప్’ చేయడం అంటారు. బస్సులో వెనకనుంచి తోస్తే చివరికి ఫుట్‌బోర్డు మీదివాడు జారిపోతాడు చూడండి, అలాగ. ఇలా తక్కువ జీతానికి దిగినవాళ్లకి పాత జీతానికీ కొత్త జీతానికీ ఉన్న తేడాను ఐదేళ్ల వరకు కంపెనీ భర్తీ చేయాలి.

నాకు బాగా నచ్చిన షరతు ఇంకొకటుంది. అది ఇంటికి సంబంధించింది. షెడ్డు మూసి పనిని వేరే ఊరికి మారిస్తే ఉద్యోగి ఇల్లమ్ముకుని వెళ్లాలి. రైల్వే షెడ్డు మీద బతికే ఊళ్లో షెడ్డు పోయాక ఇల్లు ఎవరు కొంటారు? అందుకని, ఇంటి అసలు విలువ కంటే తక్కువకు అమ్మితే ఆ నష్టం కంపెనీ భరించాలి. విలువ కట్టేటప్పుడు షెడ్డు పోతోందన్న వార్తతో ధర పడిపోకముందు ఎంత ఉండేదో ఆ లెక్కే చూడాలి. ఆ షరతు రాసినవాళ్లెవరో రైల్వే ఊళ్లలో బతికినవాళ్లే అయ్యుంటారు.

మెలిక కూడా అక్కడే పెట్టారు. ఇవన్నీ కేవలం కలపడం వల్ల నష్టపోయినవారికే. సరుకు తగ్గి పని పోతే వర్తించదు. ఉద్యోగం కలపడం వల్ల పోయిందా, వ్యాపారం మందగించడం వల్ల పోయిందా? ఈ ఒక్క ప్రశ్న మీద తర్వాతి కాలంలో ఎన్ని తగాదాలు నడిచాయో లెక్కలేదు. ఇంకో సంగతి. రక్షణంతా సీనియారిటీ జాబితాల మీద ఆధారపడింది. ఆ రోజుల్లో ఇంజన్ డ్రైవర్ల, ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మెన్ల సంఘాలు నల్లజాతివారిని సభ్యులుగానే చేర్చుకునేవి కావు. జాబితాలు బేరమాడే చోట వాళ్లకు కుర్చీ లేదు.

అది ఒప్పందం కదా, చట్టం ఎప్పుడైంది? 1939లో, రాక్ ఐలాండ్ రైల్వే కేసులో, విలీనానికి అనుమతినిచ్చేటప్పుడు ఇలాంటి షరతులు పెట్టే అధికారం రైల్వేలను అజమాయిషీ చేసే ప్రభుత్వ కమిషన్‌కు ఉందని సుప్రీంకోర్టు తేల్చింది. మరుసటేడు షరతులు పెట్టి తీరాలని చట్టమే వచ్చింది. అయోవా నుంచి ఎన్నికైన హారింగ్టన్ అనే సభ్యుడు అసలు ఒక్క ఉద్యోగమూ పోకూడదని సవరణ తెచ్చాడు. అలాగైతే విలీనాలే జరగవని గోల పుట్టింది. చివరికి విలీనానికి అనుమతినిచ్చిన ఉత్తర్వు అమల్లోకి వచ్చిన తేదీ నుంచి నాలుగేళ్లపాటు ఉద్యోగి స్థితి దిగజారకూడదన్న మాటతో సర్దుకున్నారు.

స్థితి అంటే ఏమిటి? ఉద్యోగమా, జీతమా? ఇరవై ఏళ్ల తర్వాత ఎరీ, లాకవానా రైల్వేలు కలిసినప్పుడు ట్రాక్ పనివాళ్ల సంఘం ఇదే అడిగింది. నాలుగేళ్లు మాకు పనే కావాలి, పరిహారం కాదు అంది. 1961లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. డబ్బు ముడితే చాలంది. చట్టం చదివితే ఆ తీర్పు తప్పనిపించదు. కానీ ముప్పై ఏళ్లు పట్టాలు వేసిన మనిషిని ఇంట్లో కూర్చోబెట్టి చెక్కు పంపితే ఆ మనిషికి ఏమనిపిస్తుందో చట్టంలో రాయలేదు.

కోర్టులో దొరకనిది బేరంలో దొరికింది. పెన్సిల్వేనియా, న్యూయార్క్ సెంట్రల్ అని రెండు మహా కంపెనీలు కలవాలనుకున్నాయి. సంఘాలు అడ్డుపడితే పని జరగదు. అందుకని 1964లో పెన్సిల్వేనియా అధిపతి స్టూవర్ట్ సాండర్స్, రైళ్ల మీద పనిచేసే ట్రెయిన్‌మెన్ సంఘం నాయకుడు చార్లెస్ లూనా ఒప్పందానికొచ్చారు. ఉన్నవాళ్లకు దాదాపు జీవితాంతం రక్షణ. 1968 ఫిబ్రవరి 1న పెన్ సెంట్రల్ పుట్టింది. 1970 జూన్ 21న దివాలా తీసింది. నిండా రెండున్నరేళ్లు కూడా బతకలేదు. కార్మికులకిచ్చిన హామీయే ముంచిందని అప్పుడు గట్టిగా వినిపించింది. ఖర్చు నిజమే. అయితే ఆ కంపెనీలో రెండు పాత కంపెనీల అధికారులు ఎర్ర జట్టు, పచ్చ జట్టు అని విడిపోయి కొట్టుకున్నారు, రెండు కంప్యూటర్ వ్యవస్థలు ఒకదానితో ఒకటి మాట్లాడలేదు, సరుకు పెట్టెలు ఎక్కడున్నాయో తెలియకుండా పోయాయి. క్లర్కు జీతం మీద అంతటి నింద వేయడం అన్యాయం.

దివాలా తీసిన ఆ లైన్లతోనే 1976లో ప్రభుత్వం కాన్‌రెయిల్ అనే సంస్థను పెట్టింది. ఐదేళ్ల సర్వీసున్నవారికి 65 ఏళ్లు వచ్చేదాకా రక్షణ రాసి, 25 కోట్ల డాలర్లు కేటాయించారు. డబ్బు చాలలేదు. 1981లో దాన్ని ఎత్తేసి, ఒక్కొక్కరికి గరిష్ఠంగా 20 వేల డాలర్లన్నారు.

మిగతా రైల్వేలకు ఇప్పుడు నడుస్తున్న పద్ధతి 1979లో వచ్చింది. దాని పేరు న్యూయార్క్ డాక్ షరతులు. పేరు వింటే ఏదో మహా సంస్థ అనుకుంటాం. అది బ్రూక్లిన్ రేవులో ఒక పిల్ల రైల్వే. సఖినేటిపల్లి పంటు మీద లారీలు దాటించినట్టు, రైలు పెట్టెలను పడవల మీదకెక్కించి న్యూయార్క్ రేవు దాటించేది. ఇంకో చిన్న కంపెనీని కొనుక్కుంటామని అది అర్జీ పెట్టుకుంటే, ఆ కేసులో కమిషన్ రాసిన షరతులే అన్ని విలీనాలకూ కొలత అయ్యాయి. రక్షణ ఆరేళ్లకు పెరిగింది. ఉద్యోగి ఏ విలీనం వల్ల దెబ్బతిన్నాడో చూపిస్తే చాలు, కారణం వేరే ఉందని రుజువు చేసే భారం రైల్వేదే. పాత ‘కేవలం’ అన్న మెలికకు నలభై మూడేళ్ల తర్వాత దొరికిన జవాబది.

ఆ పిల్ల రైల్వే 1983లో మూతపడింది. 2023 మార్చిలో కెనడియన్ పసిఫిక్ కంపెనీ కాన్సాస్ సిటీ సదరన్‌ను కలుపుకోవడానికి అనుమతి వచ్చినప్పుడు, ఉద్యోగుల రక్షణ కోసం ఉత్తర్వులో రాసిన షరతుల పేరు న్యూయార్క్ డాక్.

నమస్కారం.