పంపు 2 చూడాలి

వేదిక మీది పెద్దలకు, కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న మీ అందరికీ నమస్కారం. నాకిచ్చిన అంశం సాంకేతిక రచన, పనిచోట సమాచార మార్పిడి. రిపోర్టులు, మాన్యువల్స్, ఈమెయిళ్లు, మీటింగ్ మినిట్స్, అన్నిటి గురించీ చెప్పమన్నారు. నోట్సు కూడా రాసుకొచ్చాను. కానీ మిమ్మల్ని చూశాక ముందు ఒక్క వాక్యం గురించి చెప్పాలనిపిస్తోంది. అది చెప్పాక సమయం మిగిలితే తక్కినవి.

ఆ వాక్యం నేను రాసిందే. ‘పంపు 2 చూడాలి.’

ఇరవై ఆరేళ్ల కిందటి మాట. షిఫ్ట్ ఇంజినీరుగా ఉన్నాను. సాయంత్రం రౌండ్‌లో పంపు 2 బేరింగ్ మీద చెయ్యి ఆనిస్తే చురుక్కుమంది. ఆయిల్ నల్లబడింది. పంపు ఆపించి, దాని బదులు పంపు 1 నడిపించాను. షిఫ్టు దిగే ముందు, తర్వాతి షిఫ్టువాళ్లు చదివే లాగ్‌బుక్‌లో ఆ వాక్యం రాసి సంతకం చేశాను. నైట్ షిఫ్ట్ ఆయన మెట్ల దగ్గర ఎదురయ్యారు. ‘అంతా ఓకేనా?’ అన్నారు. ‘లాగ్‌బుక్‌లో రాశాను’ అన్నాను.

ఆయన చదివారు. వెళ్లి చూశారు. పంపు ఆగి ఉంది, బేరింగ్ చల్లారిపోయింది, లీకేజీ లేదు. నా వాక్యం కిందే ‘చూశాను, బాగుంది’ అని రాశారు. తెల్లవారుజామున పంపు 1 ట్రిప్ అయింది, అంటే దానంతటదే ఆగిపోయింది. పంపు 2 స్టార్ట్ చేయించారు. బేరింగ్ పట్టేసింది, మోటారునూ పంపునూ కలిపే కప్లింగ్ విరిగి ఒక ముక్క పక్కనే ఉన్న హెల్పర్ మోచేతికి తగిలింది. ఆ కుర్రాడు ఆ చెయ్యి మళ్లీ పూర్తిగా చాపలేకపోయాడు.

విచారణలో నన్నడిగారు: ఏం రాశారు? చూడాలని రాశానన్నాను. ఆయన్నడిగారు: మీరేం చేశారు? చూశానన్నారు. రెండూ నిజమే. చివరికి రిపోర్టులో ‘ఆపరేటర్ నిర్లక్ష్యం’ అని తేల్చారు. మెమో ఆయనకిచ్చారు. నాకేమీ రాలేదు. నా వాక్యం గురించి ఆ రిపోర్టులో ఒక్క ముక్క లేదు. లాగ్‌బుక్ ఎలా రాయాలో ఆ తర్వాత కూడా ఎవరూ ఎవరికీ నేర్పలేదు. ఇన్నేళ్లుగా నన్ను తొలిచేస్తున్నది ఇదే. అందుకే నలుగురిలో చెబుతున్నాను: ఆ తప్పు ఆయనది కాదు, నాది.

ఇప్పుడు ఆ మాటనే విప్పి చూడండి. తెలుగులో ‘చూడు’ అంటే ఎన్ని అర్థాలు! డాక్టరు రోగిని చూస్తాడు, అంటే పరీక్షిస్తాడు. పిల్లాణ్ణి చూసుకోమంటే కనిపెట్టి ఉండమని. ఫైలు చూస్తానంటే చదువుతానని, ‘చూద్దాంలే’ అంటే చాలాసార్లు కుదరదని. నేను ‘విప్పి బాగుచెయ్యాలి’ అనే అర్థంలో రాశాను, ఆయన ‘కంటితో చూడాలి’ అని చదువుకున్నారు. పైగా ఎవరు చూడాలి? ఎప్పటిలోగా? చూసేదాకా పంపు నడపొచ్చా, కూడదా? మన భాషలో కర్త లేకుండా వాక్యం హాయిగా నడిచిపోతుంది. ఎదురెదురుగా మాట్లాడుకునేటప్పుడు అదొక సుఖం, అర్థం కాకపోతే అవతలివాళ్లు వెంటనే అడుగుతారు. రాత్రి రెండింటికి లాగ్‌బుక్ చదివేవాడు ఎవర్నడుగుతాడు? ‘తగు చర్యలు తీసుకోబడును’ అని రాసే ప్రతి ఆఫీసులోనూ ఇదే జరుగుతోంది. తీసుకునేదెవరో రాసినవారికీ తెలియదు.

ఇది నా ఒక్కడి కథ అనుకోకండి. 1988 జులై 6. ఉత్తర సముద్రంలో పైపర్ ఆల్ఫా అనే చమురు ప్లాట్‌ఫామ్. గ్యాస్ నుంచి వచ్చే ద్రవాన్ని, అంటే కండెన్సేట్‌ని, తోడే పంపులు రెండు, ఏ, బీ. పంపు ఏ మీది సేఫ్టీ వాల్వును పగటి షిఫ్టువాళ్లు పరీక్ష కోసం విప్పి తీశారు. సాయంత్రానికి పని పూర్తి కాలేదు. వాల్వు ఉండాల్సిన చోట తాత్కాలికంగా ఒక మూత బిగించారు. వాల్వు తీసేసి ఉందన్న సంగతి రాత్రి షిఫ్టుకు చేరలేదు. రాత్రి పదింటికి కాస్త ముందు పంపు బీ ఆగిపోయింది. పంపు ఏ మీద వేరే మెయింటెనెన్స్ పర్మిట్, అంటే పనికిచ్చే రాతపూర్వక అనుమతి, ఒకటుందని వాళ్లకు తెలుసు. ఆ పని మొదలే కాలేదు కాబట్టి పంపు నడపొచ్చనుకున్నారు. వాల్వు పర్మిట్ వాళ్ల కంటపడలేదు. పంపు ఏ స్టార్ట్ చేశారు. ఆ మూత దగ్గర గ్యాస్ లీకై పేలింది. 167 మంది చనిపోయారు. న్యాయమూర్తి లార్డ్ కల్లెన్ విచారణ నివేదిక 1990లో వచ్చింది. అందులో సిఫార్సులే 106. పర్మిట్లూ షిఫ్ట్ హ్యాండోవరూ (ఒక షిఫ్టు ఇంకో షిఫ్టుకు పని అప్పగించడం) అక్కడ ఎంత నాసిగా నడిచాయో ఆ నివేదిక విప్పి చెప్పింది.

ఆ నివేదిక గురించి మొదటిసారి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. మా దగ్గరా రెండే పంపులు.

మాటతోనూ ఇంతే. 1977 మార్చి 27న స్పెయిన్ దీవి టెనెరిఫ్‌లో రన్‌వే మీద రెండు జంబో విమానాలు ఢీకొని 583 మంది పోయారు. ఒక విమానం నుంచి ‘ఇప్పుడు టేకాఫ్‌లో ఉన్నాం’ అన్న అర్థం వచ్చే మాట రేడియోలో వచ్చింది. ఎగరడానికి సిద్ధంగా ఉన్నారని కంట్రోలర్ అనుకున్నాడు. నిజానికి విమానం అప్పటికే పరుగందుకుంది. ఆ తర్వాత నియమం మార్చారు. ‘టేకాఫ్’ అన్న మాట అనుమతి ఇచ్చేటప్పుడు, లేదా ఇచ్చిన అనుమతి రద్దు చేసేటప్పుడే వాడాలి. మిగతా అన్నిచోట్లా ‘డిపార్చర్’ అనాలి. ఒక్క మాటకు ఒక్కటే అర్థం. మీ మాన్యువల్స్‌లో కూడా అంతే చెయ్యండి. ఒక పేజీలో వాల్వు, ఇంకో పేజీలో కాక్, మూడో పేజీలో ట్యాప్ అని రాస్తే అవి మూడు వస్తువులనుకుంటాడు చదివేవాడు.

టైమైపోతోందని చీటీ వచ్చింది. ఈమెయిల్ గురించి ఒక్క మాటే: అవతలివాళ్లు చెయ్యాల్సిన పని మొదటి వాక్యంలోనే రాయండి, కారణం తర్వాత. మినిట్స్‌లో ప్రతి పని పక్కనా ఒక పేరు, ఒక తేదీ. ఇద్దరి పేర్లు రాస్తే ఇద్దరూ రెండోవారే చేస్తారనుకుంటారు.

ఇంగ్లీషు సరిగా రాదండీ, అందుకే రాయలేం అని చాలామంది నాతో అంటారు. దయచేసి ఆ మాట మనసులోంచి తీసెయ్యండి. నా వాక్యంలో వ్యాకరణ దోషం ఏముంది? ఏ భాషలో రాసినా, చదివేవాడు ఒంటరిగా ఉంటాడనీ, అలిసిపోయి ఉంటాడనీ, తొందరలో ఉంటాడనీ తలుచుకుని రాయండి.

ఆ సాయంత్రం నేను రాయాల్సింది ఇది: ‘పంపు 2 స్టార్ట్ చెయ్యొద్దు. మోటారు వైపు బేరింగ్ కాలిపోతోంది, ఆయిల్ నల్లబడింది. సాయంత్రం 5.40కి నేను ఆపించాను. స్విచ్‌కి ట్యాగ్ కట్టాను. రేపు ఉదయం మెకానికల్‌వాళ్లు బేరింగ్ విప్పి చూస్తారు. వాళ్లు సంతకం పెట్టేదాకా పంపు 1 ఆగిపోతే నాకు ఫోన్ చెయ్యండి.’ ఇది రాయడానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఇప్పుడు మీరు పుస్తకాలు తియ్యండి. మీ పనిలోంచి ఒక్క పని, మీరు లేనప్పుడు ఇంకొకరు చెయ్యాల్సింది, రాయండి. రాసి పక్కవారికివ్వండి. వాళ్లు ఏం చేస్తారో పైకి చెప్పాలి. తప్పు చెప్పినా మీరు సరిదిద్దకూడదు, నోరు విప్పకూడదు. నేను వరసల మధ్య తిరుగుతూ వింటాను.