మాగ్నెటో పుల్లర్‌ని బండి పేరుతో వెతక్కండి!

[టేబుల్ మీద విప్పిన ఇంజన్. పక్కన ఖాళీ హార్లిక్స్ సీసా.]

నమస్తే. మాగ్నెటో అంటే ఇంజన్ పక్కన స్పార్క్‌కి కరెంటు పుట్టించే చక్రం, పుల్లర్ అంటే దాన్ని ఊడదీసే పనిముట్టు. పోయిన వీడియో పెట్టినప్పటి నుంచీ కామెంట్లలో దీని మీదే ఒకటే గోల. "అన్నా, పుల్లర్ దొరకట్లేదు, సుత్తితో రెండు దెబ్బలు వేసేయనా?" వద్దు బాబూ. దొరకట్లేదన్న ప్రతి ఒక్కరూ బండి పేరు, మోడల్, సంవత్సరం కొట్టి పక్కన 'మాగ్నెటో పుల్లర్' అని వెతుకుతున్నారు. నలభై ఏళ్ళ కిందటి డర్ట్ బైక్ పేరు మీద ఇప్పుడు టూల్ ఎవరు అమ్ముతారు చెప్పండి?

ఇదిగో, నా ముందున్నది ఎనభైల నాటి జపాన్ 125, టూ స్ట్రోక్ మోటోక్రాస్ ఇంజన్. మన ఊరికి ఎలా వచ్చిందనేది వేరే వీడియోకి సరిపడా కథ. ఆర్‌ఎక్స్ 100 వాళ్ళు వెళ్ళిపోకండి, పద్ధతి మీకూ అదే. డర్ట్ ట్రాక్ రేసుల్లో దుమ్ము లేపిన బళ్ళు కదా అవి, ఇప్పుడు అన్నీ ఇంజన్ విప్పే వయసుకొచ్చాయి.

[సీసా చేతిలోకి తీసుకుని]

హార్లిక్స్ అయిపోయాక ఈ సీసాలో చింతపండో కందిపప్పో ఉంటుంది, మీ ఇంట్లోనూ అంతే. దీని మూత పగిలితే మా అమ్మ హార్లిక్స్ మూతే కావాలని షాపుకెళ్ళదు. అటక మీద నుంచి మూతల డబ్బా దింపి, చుట్లు కలిసిన మూత ఏదుంటే అది బిగించేస్తుంది. పుల్లర్ కూడా మూతే. మాగ్నెటో నడుమ ఈ గొంతు ఉందే, దీని లోపల థ్రెడ్, అంటే మర చుట్లు ఉంటాయి. నట్టు తీసేశాక పుల్లర్ ఇందులో బిగుస్తుంది, దాని మధ్య బోల్టు క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) కొసను నొక్కుతుంది, మాగ్నెటో బిగుసుకుని కూర్చున్న టేపర్, అంటే సన్నబడే కొస, వదిలేస్తుంది. కాబట్టి కంపెనీ పేరు కాదు, సైజు ఎంత, పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) ఎంత, థ్రెడ్ కుడా ఎడమా, ఈ మూడే కావాలి.

సైజు దగ్గరే నేను బోల్తా పడ్డాను. గొంతులో వెర్నియర్ (దవడలతో కొలిచే స్కేలు) పెడితే 25.9 మి.మీ. చూపించింది. ఆహా, 26 అన్నమాట అనుకుని 26 పుల్లర్ తెప్పించాను. రెండు వారాలకి వచ్చింది, పెట్టగానే గొంతులో లొడలొడ, ఒక్క చుట్టు పట్టలేదు.

[క్లోజప్: గొంతులో వెర్నియర్ దవడలు]

ఎందుకంటే పుల్లర్‌ని దాని బయటి కొలతతో పిలుస్తారు. నేను కొలిచింది లోపలి గట్టుకీ ఎదురు గట్టుకీ మధ్య ఖాళీ. పిచ్ 1 మి.మీ. అయితే ఆ కొలతకి దాదాపు 1.08 కలపాలి. 25.9కి అది కలిపితే 27. సీసా గొంతు లోపల స్కేలు పెట్టి మూత కొనుక్కొస్తే ఏమవుతుందో, నాకూ అదే అయింది.

పిచ్‌కి థ్రెడ్ గేజ్ ఉంటే మంచిది, లేకపోతే 5 మి.మీ.లో ఎన్ని గట్లున్నాయో లెక్కపెట్టండి, ఐదుంటే పిచ్ 1. ఇక ఎడమ కుడి సంగతి. పాత జపాన్ టూ స్ట్రోక్‌లలో 27, పిచ్ 1 తరచుగా కనిపిస్తుంది, కానీ అందులోనే కుడి థ్రెడ్ ఒకటి, ఎడమ థ్రెడ్ ఒకటి. పిన్నీసు మొన గాడిలో పెట్టి గడియారం తిరిగే వైపు తిప్పండి. లోపలికి దిగిందా, కుడి. బయటికొచ్చిందా, ఎడమ. ఇది చూడకుండా ఎడమ గొంతులోకి కుడి మూతని రెంచ్ పెట్టి ఎక్కించేవాళ్ళుంటారు, వాళ్ళకి దండం.

సుత్తి ఎందుకొద్దంటే, ఈ క్రాంక్ ఒకే ముక్క కాదు. రెండు చక్రాల మధ్య పిన్ను ప్రెస్ చేసి కూర్చోబెట్టింది. వంకరకి అనుమతి 0.03 మి.మీ. లాంటి కొలతల్లో ఉంటుంది, అంటే తల వెంట్రుకంత కూడా కాదు. వంకర పోవడానికి కొసన ఒక్క గట్టి దెబ్బ చాలు. మూడు కాళ్ళ పుల్లర్‌తో అంచు పట్టి లాగడం కూడా అంతే, అంచు వంగుతుంది, మధ్యది కదలదు.

ఎక్కడ దొరుకుతుంది? సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో మీ ఊళ్ళో టూల్స్ షాపులోనో కొలత చెప్పి అడగండి, బండి పేరెత్తకండి. దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట లేత్ పట్టుకోండి. టర్నర్‌కి కాగితం మీద బొమ్మ గీసిస్తే సరిపోదు, మాగ్నెటోనే తీసుకెళ్ళాలి... అయ్యో, ఊడితే కదా తీసుకెళ్ళేది! అందుకని అదే సైజు గొంతున్న పాత మాగ్నెటో ఒకటి స్క్రాప్‌లో వెతికి పట్టుకెళ్ళండి, ఆయన మూత చేసుకుంటూ అందులో తిప్పి చూసుకుంటాడు. ఈఎన్8 అనే రకం స్టీల్ చాలు.

[కెమెరా వైపు చూసి] బ్యాటరీ ఎరుపు చూపిస్తోంది, మిగతాది గబగబా.

జపాన్ ప్లస్ స్క్రూలకి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) డ్రైవర్ వాడండి, మామూలు ఫిలిప్స్ జారి తల అరగ్గొడుతుంది. బిగుసుకుపోతే ఇంపాక్ట్ డ్రైవర్. క్లచ్ తిరగకుండా పట్టుకునే హోల్డర్ కొనక్కర్లేదు, పాత స్టీల్ ప్లేటుకి పట్టీ వెల్డింగ్ చేయించండి. పిస్టన్ ఆపడానికి ప్లగ్గు రంధ్రంలోంచి తాడు దూర్చమని చెప్తారు, వద్దు, టూ స్ట్రోక్‌లో అది పోర్టులోకి (సిలిండర్ గోడకున్న రంధ్రం) దూరి తెగితే ముక్కలు ఏరుకోవాలి. కేసుల (ఇంజన్ పెంకు రెండు సగాల) మధ్య స్క్రూడ్రైవర్ మాత్రం పెట్టొద్దు, గీత పడితే గాలి లీకు, మిక్స్చర్ పలచబడి పిస్టన్ సీజ్. వాటిని విడదీసే స్ప్లిటర్ వాడండి. బేరింగులకి కేసు 100 డిగ్రీల దాకా వేడి చేసి, క్రాంక్ ముందు రోజు రాత్రే ఫ్రీజర్‌లో...

[లోపలి నుంచి గొంతు: "ఒరేయ్, ఐస్‌క్రీమ్ డబ్బా పక్కన ఈ ఇనుమేంట్రా?"]

వస్తున్నానమ్మా!