కన్నును ఏమి అడగాలి?

మిత్రులారా, నమస్కారం.

తెర మీద రంగులు సరిచేసుకోవాలని చెప్పగానే చాలామంది ముందుగా కొలిచే పరికరం గురించే అడుగుతారు. కంటిని నమ్మడమెలా అన్నది వారి సందేహం. ఆ పరికరంలోని అంకెలు ఎక్కడ పుట్టాయో చెప్పి మొదలుపెడతాను.

1920ల చివర్లో ఇంగ్లండులో డేవిడ్ రైట్ పదిమందితో, జాన్ గిల్డ్ ఏడుగురితో విడివిడిగా ఒకే తరహా ప్రయోగం చేశారు. ఎదురుగా వెలుగు రెండు భాగాలుగా కనిపిస్తుంది. ఒక భాగంలో పరీక్షించాల్సిన రంగు. రెండో భాగంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతుల కలయిక. రెండు భాగాలూ ఒక్కటిగా కనిపించే వరకు పాళ్లు మార్చుతూ పోవాలి. ఆ పదిహేడు మంది చూపుల ఆధారంగానే 1931లో రంగులను అంకెల్లో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం రూపుదిద్దుకుంది. నేటి రంగు మీటర్లు ఇచ్చే అంకెలకు పునాది ఇప్పటికీ ఎక్కువగా అదే. అంటే మీటరు లోపల ఉన్నది కూడా మనిషి చూపే.

అయితే ఆ పదిహేడు మందిని "ఇది ఎంత ఎర్రగా ఉంది?" అని ఎవరూ అడగలేదు. "రెండూ ఒకటేనా?" అని మాత్రమే అడిగారు. నా మాటంతా ఈ తేడా గురించే. కన్ను కొలవలేదు, పోల్చగలదు. రెండు పక్కపక్కనే ఆనుకుని ఉంటే, వెలుతురు బాగున్నప్పుడు ఒక శాతం తేడాను కూడా పట్టేస్తుంది.

దీన్ని తెరకు అన్వయిద్దాం. ఒక వరుస పూర్తి తెలుపు, ఒక వరుస పూర్తి నలుపు, మళ్లీ తెలుపు, ఇలా సన్నని అడ్డగీతలు గీసి దూరం నుంచి చూస్తే గీతలు కలిసిపోయి బూడిదరంగు కనిపిస్తుంది. అక్కడి కాంతి సరిగ్గా సగం. దాని పక్కన గీతలు లేని బూడిదరంగు ముక్క ఒకటి పెట్టి, రెంటి మధ్య అంచు మాయమయ్యేదాకా ముక్క విలువను మార్చండి. కంప్యూటరు తెరకు పంపే 0 (నలుపు) నుంచి 255 (తెలుపు) వరకు ఉన్న విలువల్లో సగం కాంతికి 128 చాలనిపిస్తుంది. కానీ విలువ పెరిగేకొద్దీ కాంతి ఎలా పెరుగుతుందో చెప్పే అంకెను గామా అంటారు; గామా 2.2 ఉన్న తెర మీద 128 ఇచ్చేది దాదాపు 22 శాతం కాంతే. అంచు మాయమయ్యేది 186 దగ్గర. 174 దగ్గరే మాయమైతే మీ తెర గామా 1.8 అన్నమాట. ఏ మీటరూ లేకుండా ఒక అసలైన కొలత చేతికొచ్చింది! ఇదే పరీక్షను ఎరుపు, ఆకుపచ్చ, నీలాలకు విడివిడిగా చేస్తే ఏ రంగు దారి తప్పిందో తెలిసిపోతుంది. బొమ్మను పెద్దదిగానో చిన్నదిగానో సాగదీయకండి, గీతలు చెదిరి లెక్క చెడుతుంది. తెరకు ఎదురుగా కూర్చోండి.

తెలుపు విషయంలో మాత్రం జాగ్రత్త. ఎదుట ఉన్న వెలుగుకు కన్ను కాసేపట్లోనే అలవాటు పడి, దాన్నే తెలుపుగా భావిస్తుంది. తెలుపు ఛాయను కెల్విన్లలో చెబుతారు; నీలం వైపు మొగ్గిన 9300 కెల్విన్ తెరను చూస్తూ కూర్చున్నవారికి, ప్రమాణానికి దగ్గరగా ఉండే 6500 కెల్విన్ తెర పసుపు పచ్చగా తోస్తుంది. పక్కన పోల్చడానికి ఏమీ లేనప్పుడు కంటిని తీర్పు అడగడం దానికి అన్యాయం చేయడమే. ఇక్కడ మీటరు కొనండి, లేదా అరువు తెచ్చుకోండి.

పైగా వయసు పెరిగేకొద్దీ కంటిలోని కటకం పసుపుబారుతుంది, నీలం కాంతి తక్కువగా చేరుతుంది. అందుకే ఒకే తెలుపును ఇద్దరు వేరువేరుగా చూడవచ్చు. గీతల పరీక్షకు ఈ బెడద లేదు. గీతల్లోనూ ముక్కలోనూ ఉన్నది ఒకే తెర నుంచి అవే పాళ్లలో వచ్చిన కాంతి కనుక, చూసేవారి కంటి తేడా రెండు వైపులా సమానంగా పడి కొట్టుకుపోతుంది. వర్ణాంధత్వం ఉన్నవారు కూడా ఈ పని నిశ్చింతగా చేయవచ్చు.

ఇప్పుడు దీపాలు తగ్గిస్తున్నాం. నా వెనుక తెర మీద ఆ గీతలు వస్తాయి. చివరి వరుసలవారికి అవి ఇట్టే కలిసిపోతాయి. ముందు వరుసలవారు కళ్లద్దాలు తీసి చూడండి, లేనివారు కళ్లు కాస్త చికిలించండి. విలువను 150 నుంచి పెంచుతూ వస్తాను. అంచు మాయమైన క్షణాన చెయ్యెత్తండి.