పాము కరిస్తే ముందు ఏరియా ఆసుపత్రికే

ఆశా అక్కలకు, సర్పంచులకు, రైతులకు నమస్కారం.

పాము కరిచిన మనిషిని కారులో వేసుకుని, మన ఏరియా ఆసుపత్రి గేటు దాటించి పెద్ద ఊరికి తీసుకుపోతున్నారు. అక్కడ ఎక్కించేదీ మన దగ్గరున్న ఈ విరుగుడు మందే. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర... నాలుగింటికీ ఒకటే విరుగుడు. పామును చంపి సంచిలో తేనక్కర్లేదు. చచ్చిన పాము తల కూడా కాటేస్తుంది.

రాగానే 2 మిల్లీలీటర్ల రక్తం తీసి, పొడి గాజు గొట్టంలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాం. తర్వాత ఒక్కసారి వంచుతాం. నీళ్లలా జారితే పింజర విషం ఎక్కినట్టే. గొట్టం గాజుదే కావాలి, సబ్బుతో కడిగింది కాకూడదు. ప్లాస్టిక్ గొట్టంలోనో, సబ్బు తగిలిన గొట్టంలోనో మంచి రక్తం కూడా గడ్డకట్టదు, అక్కర్లేని మందు ఎక్కించాల్సి వస్తుంది. గడ్డకట్టిందని వెంటనే ఇంటికి పంపం. పరీక్ష మళ్లీ మళ్లీ చేస్తూ 24 గంటలు ఉంచుతాం. “ఏమీ కాలేదుగా, పంపేయండి” అని సిస్టర్లతో గొడవ పడొద్దు.

కట్లపాము సంగతి వేరు. నేల మీద పడుకున్నవాళ్లను రాత్రి కరుస్తుంది. వాపుండదు, గాటు కనపడదు. తెల్లారి కడుపునొప్పి అంటారు, గ్యాస్ మాత్ర వేస్తారు. కనురెప్పలు వాలినా, మాట ముద్దగా వచ్చినా, గుటక పడకపోయినా 108కి ఫోన్ చేయండి. తర్వాత ఆగిపోయేది ఊపిరే.

విషం ఎక్కినట్టు తేలితే మొదట విరుగుడు మందు 10 వయల్స్ (చిన్న సీసాలు), సెలైన్‌లో కలిపి గంటలో ఎక్కిస్తాం. పిల్లలకూ అంతే, పాము పిల్లాడని తక్కువ విషం వదలదు కదా! పొడి మందును నీళ్లతో నెమ్మదిగా తిప్పి కరిగించాలి, గట్టిగా ఊపితే నురగ వస్తుంది. గుర్రపు రక్తం నుంచి తీసిన మందు కాబట్టి కొందరికి దద్దుర్లు, చలి, ఆయాసం వస్తాయి. సెలైన్ ఆపి, వాటిని తగ్గించే అడ్రినలిన్ సూది తొడకు ఇచ్చి, కుదుటపడ్డాక మళ్లీ మొదలుపెడతాం. ఆపామంటే వైద్యం మానేశామని కాదు.

కాలికి తాడు బిగించొద్దు. ఎవరైనా ఇప్పటికే బిగించి ఉంటే దారిలో కోసేయొద్దు, ఆగిన విషం ఒక్కసారిగా పైకి పోతుంది. మందు సిద్ధం చేసుకుని మేమే విప్పుతాం. కరిచిన కాలో చెయ్యో కదలకుండా బద్ద పెట్టి తీసుకురండి. పసరు పొయ్యొద్దు, బ్లేడుతో కొయ్యొద్దు. రక్తం గడ్డకట్టనివాళ్లకు ఆ కోత ఆగదు.

మూత్రం తగ్గితే డయాలసిస్ ఉన్నచోటికి మేమే పంపుతాం. చీటీలో ఎన్ని వయల్స్, ఏ టైముకి ఎక్కించామో, గొట్టం పరీక్ష ఏమైందో ఉండాలి. లేకపోతే రాయించుకునే బండి ఎక్కండి.