గుండె ఆగి కొట్టుకుందంటే

శ్రోతలకు నమస్కారం.

"డాక్టరుగారూ, రాత్రి పడుకున్నాక గుండె ఒక్క క్షణం ఆగి, ఢమ్మని కొట్టుకుంది. ఇక నిద్ర పడితే ఒట్టు." ఈ మాట మేం తరచుగా వింటాం. ఈసీజీ తీసి, "ఏం లేదమ్మా, టెన్షన్ పడకండి" అని పంపేస్తాం. అలా పంపేయడం తప్పనే నేనంటాను. ఏం లేకపోతే మరి ఆ ఢమ్మనడమేమిటన్న ప్రశ్న ఆవిడతోపాటే ఇంటికి వెళ్తుంది.

గుండె కుడివైపు పై గదిలో చిన్న కణాల గుంపు ఒకటుంది. మనం ఊరికే కూర్చున్నప్పుడు నిమిషానికి 60 నుంచి 100 సార్లు గుండెను కొట్టించేది అదే. ఒక్కోసారి ఇంకో చోటి నుంచి ఒక దెబ్బ తొందరపడి ముందే పడుతుంది. దానికి బలం తక్కువ, మనకు తెలియదు. ఆ తర్వాత కాస్త విరామం వస్తుంది. ఆలోగా గుండెలోకి రక్తం ఎక్కువగా చేరి, తర్వాతి దెబ్బ గట్టిగా పడుతుంది. ఆవిడ గుండె ఆగిందనుకున్నది ఆ విరామాన్నే. వేరే గుండె జబ్బు లేనివాళ్ళకు దీనితో చాలావరకు ప్రమాదం లేదు. కానీ భయపడితే అడ్రినలిన్ అనే హార్మోన్ పెరుగుతుంది, దాంతో దడ ఇంకా పెరుగుతుంది. నిమిషానికోసారి చేతివాచీలో చూసుకోవడం అగ్నికి ఆజ్యం పోయడమే.

అయితే అన్ని దడలూ ఒకటి కావు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బులో గుండె పై గదులు వణుకుతాయి, నాడి ఒక వరస లేకుండా కొట్టుకుంటుంది. అక్కడ గడ్డకట్టిన రక్తం మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. అందుకే, దడ తగ్గింది కదా అని రక్తం పల్చబడే మాత్రలు మీ అంతట మీరు మానేయకండి. ఆ మాత్రల్లో ఒకటైన వార్ఫరిన్ వాడేవాళ్ళు తోటకూర, పాలకూర వదిలేయక్కర్లేదు, ఎప్పుడూ ఇంచుమించు ఒకే మోతాదులో తింటే చాలు.

గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే పరికరాన్ని ఛాతీలో పెట్టించుకున్నవాళ్ళ భయం వేరు. అది ఎప్పుడు కొడుతుందోనని గడప దాటరు కొందరు. ఒక్క షాక్ వచ్చి, తర్వాత బాగానే ఉంటే డాక్టరుకు ఫోన్ చేయండి. వెంటవెంటనే రెండోది వచ్చినా, ఒంట్లో బాగా లేకపోయినా 108కి చేయండి. పరికరం లేనివాళ్ళయినా సరే, దడతో స్పృహ తప్పితే, ఛాతీ నొప్పో ఆయాసమో వస్తే ఇదే మాట.

ఈసారి ఆస్పత్రికి వెళ్ళినప్పుడు మీ జబ్బు పేరేమిటో కాగితం మీద రాయించుకోండి. దడ వస్తే ఇంట్లో ఏం చేయాలో, ఎప్పుడు పరుగెత్తుకు రావాలో అడగండి. బయట పాతికమంది కూర్చుని ఉన్నా సరే, అడిగే లేవండి.